నీరు, ఉప్పు, కాలం: డయాలసిస్ రోగులలో గుండె పనితీరు, రక్తపోటు స్థిరత్వం - చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

మూత్రపిండాలు పూర్తిగా విఫలమైన రోగికి డయాలసిస్ ప్రాణాధారం. అయితే ఆ చికిత్సలో ఉన్నవారి మరణాలకు ప్రధాన కారణం గుండె, రక్తనాళాల వ్యాధులే. చికిత్స జరుగుతున్నప్పుడు రక్తపోటు అకస్మాత్తుగా పడిపోవడం, చికిత్సకూ చికిత్సకూ మధ్య అది మితిమీరి పెరగడం ఈ రోగులకు నిత్యానుభవం. 1836 నాటి రిచర్డ్ బ్రైట్ పరిశీలనల నుంచి 2023 నాటి పరీక్షల వరకు ఈ సమస్యను వైద్యశాస్త్రం ఎలా అర్థం చేసుకున్నదీ, ఏ దశలో దేనిని విస్మరించినదీ ఈ వ్యాసం పరిశీలిస్తుంది. యూరియా తొలగింపును చికిత్సకు ఏకైక కొలమానంగా స్వీకరించడం వల్ల నీటిని తొలగించే వేగం, అంటే చికిత్సాకాలం, చాలాకాలం లెక్కలోకి రాలేదనీ, ఆ లోపం భారాన్ని గుండె మోసిందనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: డయాలసిస్, ఎడమ జఠరిక, రక్తపోటు, అల్ట్రాఫిల్ట్రేషన్, డ్రై వెయిట్, చికిత్సాకాలం, ఉద్దానం.

1. ఉపోద్ఘాతం

ఆరోగ్యవంతుని మూత్రపిండాలు వారంలోని 168 గంటలూ నిరంతరాయంగా పనిచేస్తాయి. వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు డయాలసిస్ పొందే రోగికి ఆ పని 12 గంటలలో ముగియాలి. మూత్రం దాదాపుగా రాని రోగి ఒంట్లో రెండు చికిత్సల మధ్య రెండు మూడు లీటర్ల నీరు చేరడం సాధారణం. ఆ నీటిని యంత్రం రక్తం నుంచే తీయాలి. పెద్దవారి శరీరంలో రక్తం సుమారు ఐదు లీటర్లు, అందులో ప్లాస్మా సుమారు మూడు లీటర్లు. అంటే ప్లాస్మా మొత్తానికి సమానమైన నీరు నాలుగు గంటలలో బయటికి పోతుంది. అయినా రోగి బతికి ఉండడానికి కారణం, కణజాలాలలో నిలిచిన నీరు అంతే వేగంగా రక్తనాళాలలోకి తిరిగి చేరడం. ఈ చేరిక వెనుకబడితే రక్త పరిమాణం తగ్గుతుంది, గుండె తగినంత నిండదు, రక్తపోటు పడిపోతుంది.

ఈ సమస్య చరిత్రను సాధారణంగా యంత్రాల చరిత్రగా చెబుతారు. ఒక యంత్రంలోని లోపాన్ని తరువాతి యంత్రం సరిదిద్దిందన్న క్రమంలో ఆ కథ సాగుతుంది. ఆధారాలను కాలక్రమంలో పరిశీలిస్తే మరొక కోణం కనిపిస్తుంది. ప్రతి తరం వైద్యులు దేనిని కొలవగలిగారో దానినే చికిత్సగా భావించారు, కొలవనిది రోగి గుండెపై భారంగా మిగిలింది.

2. యంత్రానికి పూర్వం: గైస్ ఆసుపత్రి పరిశీలనలు

మూత్రపిండాలకూ గుండెకూ ఉన్న సంబంధాన్ని డయాలసిస్ సృష్టించలేదు. లండన్‌లోని గైస్ ఆసుపత్రి వైద్యుడు రిచర్డ్ బ్రైట్ 1827లో మూత్రంలో ఆల్బుమిన్ పోవడం, ఒళ్లు నీరు పట్టడం, మూత్రపిండాల వికృతి అనే మూడింటినీ ఒకే వ్యాధిగా గుర్తించాడు. 1836లో అటువంటి వంద మంది రోగుల శవపరీక్షా ఫలితాలను పట్టికగా ప్రచురించాడు. అందులో 52 మందికి గుండె పెరిగి ఉన్నది. వారిలో 34 మందికి గుండె కవాటాలలో ఏ లోపమూ లేదు. కవాటాలు బాగున్నప్పుడు గుండె ఎందుకు పెరగాలి? మార్పు చెందిన రక్తం గుండెను నేరుగా ఉద్రేకపరచి ఉండాలి, లేదా సూక్ష్మ రక్తనాళాలలో అవరోధం కలిగించి గుండె చేత అధిక శ్రమ చేయించి ఉండాలి అని బ్రైట్ రెండు వివరణలు ప్రతిపాదించాడు. రక్తపోటును కొలిచే సాధనం లేని కాలంలో చేసిన ఊహ ఇది.

ఆ ఊహను అదే ఆసుపత్రిలో ముందుకు తీసుకువెళ్లినవాడు ఫ్రెడరిక్ అక్బర్ మహమ్మద్. పాట్నాలో పుట్టి ఇంగ్లండులో స్థిరపడిన షేక్ దీన్ మహమ్మద్‌కు ఇతడు మనుమడు. నాడీ స్పందనను కాగితంపై గీతగా నమోదు చేసే స్ఫిగ్మోగ్రాఫ్ పరికరాన్ని మెరుగుపరచి, మూత్రంలో ఆల్బుమిన్ కనిపించక ముందే రక్తనాళాలలో ఒత్తిడి పెరిగి ఉండవచ్చునని 1870లలో చూపాడు. మూత్రపిండ వ్యాధిలో రక్తపోటు ఫలితమే కాదు, కారణం కూడా కావచ్చునన్న ఆలోచనకు ఇక్కడ బలం చేకూరింది. 1884లో టైఫాయిడ్‌తో మరణించేనాటికి అతని వయస్సు 35 ఏళ్లు మించలేదు.

ఈ పరంపరలో మూడవ పేరు ఎర్నెస్ట్ స్టార్లింగ్. గైస్‌లో పనిచేస్తున్న కాలంలోనే, 1896లో, కేశనాళికల గోడల గుండా నీరు ఏ బలాల వల్ల బయటికి పోతుందో, ఏ బలాల వల్ల లోపలికి వస్తుందో వివరించాడు. రక్తంలోని ప్రొటీన్లు కణజాలాల నీటిని లోనికి లాగుతాయి, నాళంలోని ఒత్తిడి దానిని వెలికి నెడుతుంది. డయాలసిస్ సమయంలో రక్తనాళాలు మళ్లీ నిండే తీరును నేటికీ ఈ సూత్రంతోనే వివరిస్తారు. ఇలా యంత్రం రాకముందే పెరిగిన గుండె, పెరిగిన ఒత్తిడి, నీటి కదలిక అనే మూడు అంశాలూ వైద్యశాస్త్రానికి పరిచయమయ్యాయి. వాటిని ఒకచోట చేర్చవలసిన అవసరం మాత్రం అప్పటికి రాలేదు.

3. వ్యర్థాలా, నీరా? తొలి యంత్రాల ద్వంద్వం

డయాలసిస్ అనే పదాన్ని 1861లో రసాయన శాస్త్రవేత్త థామస్ గ్రాహమ్ ప్రవేశపెట్టాడు. అర్ధపారగమ్య పొర గుండా చిన్న అణువులు దాటిపోతాయి, పెద్దవి నిలిచిపోతాయి అన్నది ఆ పదం సూచించే ప్రక్రియ. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో జాన్ ఏబెల్ బృందం 1913లో కుక్కలపై ఈ ప్రక్రియను ప్రయోగించింది. రక్తం గడ్డకట్టకుండా జలగల నుంచి తీసిన హిరుడిన్ వాడింది. జర్మనీలోని గీసెన్‌లో గియోర్గ్ హాస్ 1924లో తొలిసారి మనిషికి డయాలసిస్ చేశాడు. అది సుమారు పావుగంట మాత్రమే సాగింది.

జర్మనీ ఆక్రమణలో ఉన్న నెదర్లాండ్స్‌లోని కాంపెన్ పట్టణంలో విలెమ్ కోల్ఫ్ 1943లో తిరిగే పీపా వంటి యంత్రాన్ని రోగులకు వాడాడు. మాంసపు సాసేజ్‌లకు తొడుగుగా వాడే సెల్లోఫేన్ గొట్టాన్ని పీపా చుట్టూ చుట్టి, దానిని ఉప్పునీటి తొట్టిలో తిప్పేవాడు. తొలి పదహారు మందిలో యంత్రం వల్లనే బతికారని చెప్పదగినవారు ఎవరూ లేరు. 1945 సెప్టెంబరులో పదిహేడవ రోగి, 67 ఏళ్ల మహిళ, కోలుకున్నది. ఆ యంత్రంతో యూరియాను తీయడం సాధ్యమైంది. సెల్లోఫేన్ గొట్టానికి ఆధారం లేనందువల్ల ఒత్తిడిని ప్రయోగించి కావలసినంత నీటిని నియంత్రణతో తీయడం మాత్రం దుస్సాధ్యం.

స్వీడన్‌లోని లుండ్ నగరంలో నీల్స్ ఆల్వాల్ ఈ లోపాన్నే పట్టుకున్నాడు. 1946లో సెల్లోఫేన్‌ను రెండు లోహపు జల్లెడ స్తంభాల మధ్య బిగించి, ఒత్తిడి తేడాతో రక్తం నుంచి నీటిని పిండగల పరికరాన్ని నిర్మించాడు. ఈ ప్రక్రియకు అల్ట్రాఫిల్ట్రేషన్ అని పేరు. ఈ రెండు నమూనాలలో తరువాతి చరిత్ర మొత్తం బీజరూపంలో ఉన్నది. కోల్ఫ్ ప్రశ్న వ్యర్థాలను ఎలా తీయాలన్నది, ఆల్వాల్ ప్రశ్న నీటిని ఎలా తీయాలన్నది. తరువాతి యంత్రాలు రెండు పనులనూ ఒకేసారి చేశాయి. కాని వాటికి వేర్వేరు వేగాలు అవసరమన్న విషయం తెలిసిరావడానికి మరికొన్ని దశాబ్దాలు పట్టింది.

4. సియాటిల్: నిలిచిన ప్రాణం, కొత్త మరణకారణం

1960 వరకు డయాలసిస్ తాత్కాలిక మూత్రపిండ వైఫల్యానికే పరిమితం. ప్రతిసారీ కొత్త రక్తనాళాన్ని కోయవలసి రావడమే అందుకు కారణం. 1960 మార్చిలో అమెరికాలోని సియాటిల్‌లో బెల్డింగ్ స్క్రిబ్నర్, ఇంజనీరు వేన్ క్వింటన్ సహకారంతో, టెఫ్లాన్ గొట్టాల షంట్‌ను రోగి ముంజేతిలో శాశ్వతంగా అమర్చాడు. దానితో దీర్ఘకాలిక డయాలసిస్ మొదలైంది. 1966లో ధమనిని, సిరను నేరుగా కలిపే ఫిస్టులా శస్త్రచికిత్స న్యూయార్క్ నుంచి వెలువడి, రక్తనాళ మార్గాన్ని మరింత సుస్థిరం చేసింది.

సియాటిల్ తొలి రోగి తీవ్రమైన రక్తపోటుతో బాధపడుతూ వచ్చినవాడు. మందులకు లొంగని ఆ రక్తపోటు, ఉప్పు తగ్గించిన ఆహారంతోనూ, దీర్ఘమైన చికిత్సలలో నీటిని తీయడంతోనూ అదుపులోకి వచ్చింది. రోగి శరీరంలో అదనపు నీరు లేని స్థితిని సూచించే డ్రై వెయిట్ భావన 1967లో థామ్సన్, అతని సహచరుల రచనతో వైద్యసాహిత్యంలో స్థిరపడింది. ఈ దశలో రక్తపోటు ప్రధానంగా ఉప్పు, నీటి సమస్యగానే పరిగణితమైంది. చికిత్స రాత్రంతా సాగేది గనుక నీరు నెమ్మదిగా వెలువడేది.

ఆ తొలి రోగి పదకొండేళ్లు జీవించాడు. 1971లో మరణించినది గుండెపోటుతో. ఇది ఏకైక ఘటన కాదని 1974లో స్పష్టమైంది. లిండ్నర్, షారా, షెరార్డ్, స్క్రిబ్నర్ సియాటిల్‌లో దీర్ఘకాలం డయాలసిస్ పొందిన 39 మంది చరిత్రను ప్రచురించారు. సగానికి పైగా మరణించారు, ఆ మరణాలలో ఎక్కువ భాగానికి ధమనుల వ్యాధి కారణం. డయాలసిస్ ధమనులను త్వరగా గట్టిపరుస్తున్నదా, లేక చికిత్సకు వచ్చేనాటికే అవి దెబ్బతిని ఉన్నాయా అన్న వివాదం దీనితో మొదలైంది. అంతకు రెండేళ్ల ముందు, 1972లో, అమెరికా చట్టసభ డయాలసిస్ ఖర్చును మెడికేర్ పథకంలో చేర్చింది. 1973 జులై నుంచి అది అమలులోకి వచ్చింది. వేలాది రోగులకు తలుపులు తెరుచుకున్నాయి. అదే సమయంలో చికిత్సను ఎంత తక్కువ గంటలలో ముగించవచ్చునన్న ప్రశ్నకూ ఆర్థిక బలం వచ్చింది.

5. ద్రవంలోని దోషం: ఎసిటేట్ నుంచి చల్లదనం వరకు

1970లలో చికిత్స మధ్యలో రక్తపోటు పడిపోవడం, కండరాలు పట్టేయడం, వాంతులు అతి సాధారణమయ్యాయి. కారణాన్వేషణ మొదట డయాలసిస్ ద్రవంపై నిలిచింది. రక్తంలోని ఆమ్లతను సరిచేయడానికి బైకార్బొనేట్ అవసరం. కాని అది ద్రవంలోని కాల్షియంతో కలిసి సున్నంలా పేరుకునేది. అందువల్ల 1964లో సియాటిల్ బృందమే దాని స్థానంలో ఎసిటేట్‌ను ప్రవేశపెట్టింది. శరీరం ఎసిటేట్‌ను బైకార్బొనేట్‌గా మార్చుకుంటుంది. పెద్ద ఎత్తున ద్రవం తయారు చేయడం దీనితో సులభమైంది. అయితే వేగవంతమైన చికిత్సలో శరీరం మార్చుకోగలిగిన దానికన్నా ఎక్కువ ఎసిటేట్ లోనికి చేరి, రక్తనాళాలను వ్యాకోచింపజేసింది. బైకార్బొనేట్ ద్రవంతో రక్తపోటు మరింత నిలకడగా ఉంటుందని 1978లో గ్రాఫ్ బృందం చూపింది. రెండు గాఢ ద్రవాలను చివరి క్షణంలో కలిపే యంత్రాలు వచ్చాక 1980లలో బైకార్బొనేట్ తిరిగి ప్రవేశించింది.

ద్రవంలోని సోడియం కథ కూడా ఇటువంటిదే. తొలినాళ్లలో రక్తంలో ఉన్నదానికన్నా తక్కువ సోడియం గల ద్రవాన్ని వాడేవారు. రోగి శరీరం నుంచి ఉప్పు పోవాలన్నది ఉద్దేశం. చికిత్స వేగం పెరిగాక అదే ద్రవం కండరాల పట్టివేతకూ, రక్తపోటు పతనానికీ కారణమైంది. సోడియంను పెంచగా చికిత్స సుఖంగా సాగింది. కాని రోగి దాహంతో ఇంటికి వెళ్లి, ఎక్కువ నీరు తాగి, ఎక్కువ బరువుతో తిరిగి వచ్చేవాడు. ఒక పూట స్థిరత్వానికి మూల్యం తరువాతి రెండు రోజుల రక్తపోటు రూపంలో చెల్లింది.

ఈ కాలపు అత్యంత ఆసక్తికరమైన పరిశీలన స్వీడన్ నుంచి వచ్చింది. వ్యర్థాల తొలగింపు లేకుండా నీటిని మాత్రమే తీస్తే రక్తపోటు అంతగా పడదని 1976లో జోనాస్ బెర్గ్‌స్ట్రోమ్ బృందం చూపింది. ఆల్వాల్, కోల్ఫ్ ప్రశ్నలు ఇక్కడ మొదటిసారి ప్రయోగపూర్వకంగా విడిపోయాయి. దీనికి ఒక వివరణ ఇటలీలోని క్విరినో మజ్జోరే 1980ల ఆరంభంలో ఇచ్చాడు. నీటిని మాత్రమే తీసేటప్పుడు వెచ్చని ద్రవం ఉండదు, గొట్టాలలో రక్తం చల్లబడుతుంది. ఆ చల్లదనమే రక్తనాళాలను సంకోచింపజేసి ఒత్తిడిని నిలబెడుతుంది. సాధారణ డయాలసిస్‌లోనూ ద్రవాన్ని 35 డిగ్రీల సెల్సియస్‌కు తగ్గిస్తే రక్తపోటు మరింత నిలకడగా ఉంటుందని అతడు నిరూపించాడు.

6. యూరియా కొలమానం, కుంచించుకుపోయిన గంటలు

ఎంత డయాలసిస్ చాలు? ఈ ప్రశ్నకు సమాధానం కోసం అమెరికా జాతీయ సహకార డయాలసిస్ అధ్యయనం జరిగింది. దాని ఫలితాలు 1981లో వెలువడ్డాయి. యూరియా స్థాయి ఎక్కువ, తక్కువ, చికిత్సాకాలం ఎక్కువ, తక్కువ అనే రెండు జంటల కలయికతో రోగులను నాలుగు వర్గాలుగా విభజించారు. యూరియా తక్కువగా ఉంచిన వర్గాలు స్పష్టంగా మెరుగ్గా ఉన్నాయి. చికిత్సాకాలం ప్రభావం గణాంక నిర్ధారణ హద్దును స్వల్ప తేడాతో అందుకోలేదు. ఆ స్వల్ప తేడాను కాలానికి ప్రాముఖ్యం లేదన్న తీర్పుగా చాలామంది చదువుకున్నారు. 1985లో గాచ్, సార్జెంట్ ఈ సమాచారాన్ని విశ్లేషించి కేటీ/వి అనే సూత్రాన్ని చికిత్స మోతాదుగా స్థాపించారు. శుద్ధి వేగాన్ని కాలంతో గుణించి, శరీరంలోని నీటి పరిమాణంతో భాగిస్తే వచ్చే సంఖ్య అది.

సూత్రంలో కాలానికి చోటున్నది. అయితే గుణకారంలో ఒక అంశాన్ని పెంచితే మరొకదానిని తగ్గించవచ్చు. రక్తప్రవాహ వేగాన్ని పెంచి, పెద్ద ఉపరితలం గల ఫిల్టర్ వాడితే అదే సంఖ్య మూడు గంటలలోనే వస్తుంది. యూరియా విషయంలో ఈ లెక్క సరైనదే. నీటి విషయంలో ఇది వర్తించదు. ఫిల్టర్ ఎంత సమర్థమైనదైనా కణజాలాల నుంచి నీరు రక్తనాళాలలోకి చేరే వేగాన్ని అది పెంచలేదు. 60 కిలోల రోగి నుంచి మూడు లీటర్లు తీయాలనుకుంటే, ఎనిమిది గంటల చికిత్సలో గంటకు కిలో బరువుకు 6.25 మిల్లీలీటర్లు, నాలుగు గంటలలో 12.5, మూడు గంటలలో 16.7 మిల్లీలీటర్లు తీయవలసి వస్తుంది. కేటీ/వి సంఖ్య మూడు సందర్భాలలోనూ సమానం కావచ్చు. గుండెకు మాత్రం అవి మూడు వేర్వేరు అనుభవాలు.

7. తాసాన్, ఇజ్మీర్: వేరుదారి

అమెరికాలో గంటలు తగ్గుతున్న కాలంలో ఫ్రాన్స్‌లోని లియాన్ సమీపాన ఉన్న తాసాన్ పట్టణ కేంద్రం వారానికి మూడుసార్లు, ఒక్కోసారి ఎనిమిది గంటల పద్ధతిని విడిచిపెట్టలేదు. సియాటిల్ 1974 వ్యాస రచయితలలో ఒకడైన బెర్నార్ షారా ఈ కేంద్రానికి ప్రధాన వ్యాఖ్యాత. 1992లో అతని బృందం ప్రచురించిన ఫలితాలలో రోగుల ఆయుర్దాయం ఇతర కేంద్రాలకన్నా గణనీయంగా ఎక్కువ, రక్తపోటు మందులు అవసరమైనవారు అతి స్వల్పం. ఉప్పు తగ్గించిన ఆహారం, నెమ్మదిగా నీటిని తీయడం, డ్రై వెయిట్‌పై పట్టు అనే మూడూ కలిసినందువల్ల ఇది సాధ్యమైందని వారి వాదం. డ్రై వెయిట్ చేరిన వెంటనే రక్తపోటు తగ్గదనీ, వారాలు, ఒక్కోసారి నెలలు గడిచాక తగ్గుతుందనీ కూడా వారు గమనించారు. తొందరపడి మందులను ఆశ్రయించే వైద్యునికి ఈ ఆలస్యం కనిపించదు.

టర్కీలోని ఇజ్మీర్‌లో డచ్ వైద్యుడు ఎవర్ట్ డోర్హౌట్ మేస్, ఎర్జాన్ ఓక్, ఓజ్‌కాహ్యా ప్రభృతులు మరొక మార్గం చూపారు. సాధారణ నాలుగు గంటల చికిత్సతోనే, ఉప్పును కఠినంగా నియంత్రించి, రోగి తెచ్చుకునే నీటినే తగ్గించారు. రక్తపోటు మందులు ఆపినా అదుపులో ఉండడమే కాక, పెరిగిన ఎడమ జఠరిక తగ్గుముఖం పట్టింది. ఇంచుమించు 8 గ్రాముల ఉప్పు శరీరంలో ఒక లీటరు నీటిని నిలుపుతుంది. కనుక ఉప్పు తగ్గితే తీయవలసిన నీరు తగ్గుతుంది, గుండెకు కాలం పెరిగినట్లే అవుతుంది. ఈ రెండు కేంద్రాల ఫలితాలకు ఒక పరిమితి ఉన్నది. అవి యాదృచ్ఛికంగా విభజించిన వర్గాల మధ్య పోలికలు కావు. రోగుల ఎంపిక, వైద్యుల పట్టుదల వంటి అంశాలను వాటి నుంచి వేరు చేయలేము.

8. గుండెను నేరుగా చూసిన కాలం

ఎకోకార్డియోగ్రఫీ విస్తరించాక బ్రైట్ శవపరీక్షలో చూసినదానిని సజీవుల్లో చూడడం సాధ్యమైంది. కెనడాలో రాబర్ట్ ఫోలీ, పాట్రిక్ పార్‌ఫ్రే బృందం 433 మందిని డయాలసిస్ ఆరంభించే దశ నుంచి పరిశీలించి 1995లో ఫలితాలు ప్రకటించింది. వారిలో 74 శాతం మందికి ఎడమ జఠరిక అప్పటికే పెరిగి ఉన్నది. గోడ మందమై బిరుసెక్కిన జఠరిక నిండడానికి ఎక్కువ ఒత్తిడి కావాలి. అటువంటి గుండెలో కొద్దిపాటి రక్తం తగ్గినా స్పందనకు వెలువడే రక్తం బాగా తగ్గుతుంది. కొద్దిపాటి రక్తం పెరిగినా ఊపిరితిత్తులలో నీరు చేరుతుంది. రక్తపోటు అస్థిరత్వానికి మూలం యంత్రంలో మాత్రమే కాదు, గుండె గోడలోనూ ఉన్నదని ఇది స్పష్టం చేసింది. ఫ్రాన్స్‌లో జెరార్ లండన్ బృందం బృహద్ధమని బిరుసుతనం మరణాన్ని ముందుగా సూచిస్తుందని 1999లో చూపింది. డయాలసిస్ పొందుతున్న యువకుల గుండె ధమనులలో సైతం కాల్షియం పేరుకుంటున్నదని 2000లో గుడ్‌మన్ బృందం వెల్లడించింది.

సాధారణ ధమనీ వ్యాధిలో ఫలించే చికిత్సలు ఇక్కడ ఫలించకపోవడం మరొక సూచన. కొలెస్టరాల్ తగ్గించే మందులను డయాలసిస్ రోగులపై పరీక్షించిన 2005, 2009 నాటి రెండు పెద్ద అధ్యయనాలలో ఆశించిన మేలు కనిపించలేదు. కొవ్వు పేరుకొని ధమని మూసుకుపోవడం ఒక్కటే ఈ మరణాలను వివరించజాలదు.

ఇంగ్లండులోని డెర్బీలో క్రిస్టఫర్ మెకిన్‌టైర్, నికోలస్ సెల్బీ బృందం ఈ అన్వేషణను డయాలసిస్ గదిలోకే తీసుకువచ్చింది. గుండె ధమనులలో గణనీయమైన అడ్డంకి లేని నలుగురు రోగులలో సైతం చికిత్స జరుగుతున్నప్పుడు గుండె కండరానికి రక్తప్రసరణ తగ్గుతున్నదని 2008లో పాజిట్రాన్ చిత్రణ ద్వారా చూపింది. 2009లో బర్టన్, మెకిన్‌టైర్ ప్రభృతులు 70 మందిని పరిశీలించగా 64 శాతం మందిలో చికిత్స సమయాన గుండె గోడలోని కొన్ని భాగాలు తాత్కాలికంగా కదలిక కోల్పోయాయి. ఎక్కువ నీరు తీసినవారిలో, రక్తపోటు ఎక్కువగా పడినవారిలో ఈ స్తబ్ధత అధికం. ఏడాది తరువాత ఆ భాగాలలో కొన్ని శాశ్వతంగా బలహీనపడ్డాయి. ఒక పూట అసౌకర్యంగా భావించిన రక్తపోటు పతనం గుండెపై వదిలే గాయంగా ఇక్కడ కొత్త అర్థం పొందింది.

9. పరీక్షల తీర్పు

2002లో వెలువడిన హీమో అధ్యయనం 1,846 మందిలో కేటీ/విని ఇంకా పెంచి చూసింది. మరణాలు తగ్గలేదు. యూరియా కొలమానం తన హద్దును చేరిందనడానికి ఇదే నిదర్శనం. ఇదే అధ్యయన సమాచారాన్ని 2011లో జెన్నిఫర్ ఫ్లైత్ బృందం వేరే ప్రశ్నతో తిరిగి చదివింది. గంటకు కిలోకు 13 మిల్లీలీటర్లకన్నా వేగంగా నీరు తీసిన రోగులలో మరణాలు ఎక్కువని తేలింది. సమాధానం ఆ సమాచారంలోనే ఉన్నది, ప్రశ్న మాత్రమే తొమ్మిదేళ్లు ఆలస్యమైంది. వారంలో రెండు రోజుల విరామం తరువాతి దినాన మరణాలు, ఆసుపత్రి చేరికలు అధికమని అదే సంవత్సరం ఫోలీ బృందం 32,065 మంది సమాచారంతో చూపింది.

చికిత్సను తరచుగా చేస్తే ఏమవుతుందన్న ప్రశ్నకు యాదృచ్ఛిక పరీక్షలు సమాధానమిచ్చాయి. 2007లో కెనడాలో 52 మందిపై జరిగిన రాత్రి డయాలసిస్ పరీక్షలోనూ, 2010లో 245 మందిపై జరిగిన వారానికి ఆరుసార్ల చికిత్సా పరీక్షలోనూ ఎడమ జఠరిక ద్రవ్యరాశి తగ్గింది, రక్తపోటు మెరుగుపడింది. రెండవదానిలో ఫిస్టులాకు సంబంధించిన చికిత్సల అవసరం పెరగడం దాని మరో ముఖం.

కాలాన్నే నేరుగా పరీక్షించాలన్న ప్రయత్నం మాత్రం విచిత్రంగా ముగిసింది. అమెరికాలో వందలాది కేంద్రాలలో కనీసం నాలుగుంపావు గంటల చికిత్సను సాధారణ చికిత్సతో పోల్చదలచిన టైమ్ పరీక్ష అర్ధంతరంగా ఆగిపోయినట్లు 2019లో ప్రకటితమైంది. రెండు వర్గాల మధ్య చికిత్సాకాలపు తేడా కొన్ని నిమిషాలకు మించకపోవడమే కారణం. కాలం ప్రభావం లేదని ఆ పరీక్ష నిరూపించలేదు. కాలాన్ని పెంచడం ఆచరణలో ఎంత కష్టమో నిరూపించింది.

చల్లని ద్రవం కథ కూడా జాగ్రత్తగా చదవదగినది. శరీర ఉష్ణోగ్రతకన్నా అర డిగ్రీ తక్కువ ద్రవంతో గుండెకు రక్షణ లభిస్తుందని 2015లో 73 మందిపై జరిగిన చిన్న పరీక్ష సూచించింది. కెనడాలోని ఒంటారియోలో 84 కేంద్రాలు, 15 వేలకు పైగా రోగులతో జరిగిన మైటెంప్ పరీక్ష 2022లో ముగిసేసరికి గుండె సంబంధిత మరణాలు, ఆసుపత్రి చేరికలలో తేడా కనిపించలేదు. రోగులు చలితో ఇబ్బందిపడ్డారు కూడా. పొర గుండా పెద్ద మొత్తంలో ద్రవాన్ని మార్పిడి చేసే హీమోడయాఫిల్ట్రేషన్ వల్ల మరణాలు తగ్గాయని 1,360 మందిపై జరిగిన ఐరోపా పరీక్ష 2023లో ప్రకటించింది. ఒక చిన్న ప్రయోగంలో కనిపించిన మేలు పెద్ద సమూహంలో నిలవకపోవచ్చుననీ, నిలవవచ్చుననీ ఈ రెండు పరీక్షలు కలిసి బోధిస్తున్నాయి.

10. ఉద్దానం నుంచి చూసినప్పుడు

ఈ చరిత్ర ఇతర దేశాల ప్రయోగశాలలలో జరిగినదే అయినా దాని పర్యవసానాలు తెలుగు ప్రాంతాలకు దూరం కావు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటల నడుమ బతికే రైతులు, కూలీలలో మధుమేహం లేకుండానే దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి విస్తృతంగా కనిపిస్తున్నది. సోంపేట, పలాస వంటి చోట్ల డయాలసిస్ కేంద్రాలు వచ్చాయి. 2023 డిసెంబరులో పలాసలో మూత్రపిండ వ్యాధుల పరిశోధన కేంద్రం, ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. దేశవ్యాప్తంగా జిల్లా ఆసుపత్రులలో పేదలకు ఉచిత డయాలసిస్ అందించే జాతీయ కార్యక్రమం 2016లో మొదలైంది.

భారతదేశంలో వారానికి రెండుసార్లు మాత్రమే డయాలసిస్ పొందే రోగులు ఎందరో. ఖర్చు, ప్రయాణం, పోయిన కూలి ఇందుకు కారణాలు. రెండుసార్లు అంటే ఎనిమిది గంటలు. విరామం మూడు, నాలుగు రోజులు. ఎండలో పనిచేసే మనిషికి దాహం సహజం, ఊరగాయ, ఎండుచేప, పచ్చడి మెతుకులు నిత్యాహారం. ఈ పరిస్థితిలో నీటిని తొలగించే వేగం అన్నది గణిత సమస్యగా మిగలదు. చికిత్స ముగిశాక తూలిపోతూ బస్సెక్కే రోగి దుస్థితి దానిలోనే ఉన్నది. ఉచిత చికిత్సల సంఖ్యను లెక్కించే పథకం, ఒక్కొక్క చికిత్సలో ఎంత నీరు ఎంత వేగంతో తీశారన్నది కూడా నమోదు చేస్తే యూరియా కొలమానం నాటి పొరపాటు ఇక్కడ పునరావృతం కాకుండా ఉంటుంది. ఇజ్మీర్ అనుభవం ఈ ప్రాంతానికి ప్రత్యేకంగా వర్తిస్తుంది. గంటలు పెంచలేని చోట ఉప్పు తగ్గించడం అందుబాటులో ఉన్న మార్గం. దానికి కావలసినది ఖరీదైన యంత్రం కాదు, రోగి వంటింటి భాషలో మాట్లాడగల సిబ్బంది.

11. ముగింపు

ఈ పరిశీలన నుంచి కింది అంశాలు తేలుతున్నాయి.

1. మూత్రపిండ వ్యాధిలో గుండె పెరుగుదలను బ్రైట్ 1836లోనే గుర్తించాడు. డయాలసిస్ ఆ గుండెను వారసత్వంగా స్వీకరించింది, తన వేగంతో దానిపై మరొక భారాన్ని మోపింది.

2. వ్యర్థాల తొలగింపు, నీటి తొలగింపు వేర్వేరు ప్రక్రియలు. కోల్ఫ్, ఆల్వాల్ యంత్రాలలో కనిపించిన ఈ భేదాన్ని 1976లో బెర్గ్‌స్ట్రోమ్ ప్రయోగం ధ్రువీకరించింది. అయినా చికిత్స మోతాదును యూరియాతోనే కొలిచారు.

3. ఎసిటేట్, సోడియం, ఉష్ణోగ్రతలపై జరిగిన సవరణలు చికిత్సను భరించదగినదిగా చేశాయి. వాటిలో కొన్ని సమస్యను పరిష్కరించడానికి బదులు మరొక సమయానికి వాయిదా వేశాయి.

4. తాసాన్, ఇజ్మీర్ అనుభవాలు, 2007, 2010 నాటి యాదృచ్ఛిక పరీక్షలు ఒకే దిశను సూచిస్తున్నాయి. తీయవలసిన నీటిని తగ్గించడం లేదా తీసే కాలాన్ని పెంచడం గుండెకు ఉపశమనం. ఏ మేరకు అది ఆయుష్షును పెంచుతుందన్నది ఇంకా పూర్తిగా తేలవలసి ఉన్నది.

5. రక్తపోటు పతనాన్ని రోగి బలహీనతగా గానీ, అజాగ్రత్తగా గానీ భావించే అలవాటుకు చరిత్ర ఆధారం ఇవ్వదు. అది చాలా సందర్భాలలో కాలానికి, వ్యవస్థకు సంబంధించిన నిర్ణయాల ఫలితం.

శరీరం ఇచ్చిన 168 గంటల పనిని యంత్రం 12 గంటలకు కుదించింది. ఆ కుదింపు వల్ల లక్షలాది ప్రాణాలు నిలిచాయి. ఆ కుదింపును ఇంకెంతవరకు గుండె భరించగలదన్నదే డయాలసిస్ చరిత్ర నేటి వైద్యుల ముందు, పాలకుల ముందు ఉంచుతున్న ప్రశ్న.